పడిన చప్పుడు ఎవరికి వినబడాలి?

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో బెంజ్ సర్కిల్ ప్రాంత సంఘాల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ మైకు దగ్గరికి వచ్చి మేము చెప్పేది ఒక్కటే. పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదాలు ఎన్ని కట్టాం అని. ఆ లెక్కలు మీ చేతికి వచ్చే నివేదికలో ఉన్నాయి, తీరిగ్గా చూసుకోండి. ఈ ఏడాది మాకు ఇంకో లెక్క చెప్పాలని ఉంది. అది డబ్బు లెక్క కాదు, ఐదు గంటల లెక్క.

మా సంఘంలో పది మందిమి ఉన్నాం. బెంజ్ సర్కిల్ నుంచి చూస్తే ఒక పక్క అపార్ట్‌మెంట్లు, ఇంకో పక్క కాస్త దూరంలో మొగల్రాజపురం కొండ. మాలో ఆరుగురం పొద్దున్నే కొండ మెట్లు దిగి ఆ అపార్ట్‌మెంట్లకు పనికి వెళ్తాం. ఒకప్పుడు పనంటే వంట, గిన్నెలు, బట్టలు. ఇప్పుడు కొత్తగా పెద్దవాళ్ళను చూసుకునే పని కూడా వచ్చింది. గుడివాడ, పామర్రు, ఉయ్యూరు వైపు నుంచి పొలాలు కౌలుకిచ్చి, ఊళ్ళో ఇంటికి తాళం వేసి, ఆసుపత్రులు దగ్గరని బెజవాడ ఫ్లాటుకు వచ్చి ఉంటున్న మామ్మలు, తాతయ్యలు చాలామందే ఉన్నారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. రోజూ వీడియో కాల్ చేస్తారు. కానీ చెయ్యి పట్టుకుని బాత్రూంకి తీసుకెళ్ళేది మనలో ఒకామె.

మా సంఘంలో అలా ఒక మామ్మగారిని చూసుకునే సభ్యురాలు ఉంది. పేరు చెప్పొద్దంది, అందుకని చెప్పడం లేదు. ఆ మామ్మగారికి కొడుకు అమెరికా నుంచి ఒక వాచీ పంపాడు. అది పెట్టుకున్న మనిషి పడిపోతే దానికదే తెలుసుకుని కొడుకు ఫోనుకు కబురు పంపుతుందట. ఒకరోజు మామ్మగారు బాల్కనీలో ఊరగాయ జాడీ మీద వాలిన కాకిని తోలడానికి చెయ్యి గట్టిగా విసిరి గ్రిల్లుకు కొట్టింది. వాచీ పడిపోయారనుకుంది. రెండు నిమిషాల్లో అమెరికా నుంచి ఫోను. "ఏమ్మా, అమ్మ పడిందా? దెబ్బ తగిలిందా?" అని ఆ బాబు గాభరా. అక్కడ అర్ధరాత్రి. మా సభ్యురాలు నవ్వు ఆపుకోలేక, "లేదు బాబూ, కాకి పడింది" అందట. ఆ సంగతి మా వారం మీటింగులో చెప్తే మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ మీటింగు జరిగిన తొమ్మిదో రోజున ఆ సభ్యురాలి అత్తయ్య కొండ మీద ఇంట్లో పడిపోయింది.

కోడలు పొద్దున ఏడింటికి మెట్లు దిగింది. పిల్లలు బడికి పోయారు. ఏడున్నర దాటాక అత్తయ్య కాళ్ళు కడుక్కుని గడప దాటుతుంటే తడి బండ మీద కాలు జారింది. పక్కకు పడింది. లేవలేకపోయింది. అరిచింది. కొండ మీద ఇళ్ళు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కదా, ఎవరికైనా వినబడాలి. కానీ ఆ టైములో ఆడవాళ్ళందరం కింద పనుల్లో ఉంటాం. ఉన్న ఒకటి రెండు ఇళ్ళల్లో టీవీ మోగుతోంది. ఫోను గూట్లో చార్జింగుకు పెట్టి ఉంది. పదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి కోడలు ఫోను చేసింది. అత్తయ్యకు రింగు వినబడుతూనే ఉంది, చెయ్యి అందలేదు. నిద్రపోతోందేమోలే అనుకుంది కోడలు. పన్నెండున్నరకు పక్కింటామె సబ్బు బిళ్ళ అడగడానికి వచ్చి చూసింది. అప్పటికి ఐదు గంటలు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. కబురు తెలిసి ముందుగా చేరిన మేము ముగ్గురం ఏం చేశాం? చంకల కింద చేతులు వేసి ఒక్కసారిగా లేపి మంచం మీద కూర్చోబెట్టాం. తొడ మీద బామ్ రుద్దాం. కాఫీ కలిపి పట్టాం. ఆమె కేక పెడుతుంటే "కాస్త ఓర్చుకో అత్తయ్యా" అన్నాం. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశాక తెలిసింది, తుంటి ఎముక విరిగిందని. విరిగిన ఎముకను మేము మంచి మనసుతోనే ఇంకా కదిలించాం. ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్‌తో ఇంట్లో నడుస్తోంది. కానీ పడినప్పటి నుంచి ఆసుపత్రికి తప్ప ఆమె కొండ దిగలేదు.

కోడలు మూడు నెలలు పని మానింది. రెండు వాయిదాలు కట్టలేదు. మీటింగులో మేము ముందు అడిగింది వాయిదా గురించే. సంఘం అన్నాక అడగాలి, తప్పు లేదు. కానీ ఆమె అన్న మాట మా అందరికీ తగిలింది. "అక్కా, అక్కడ కాకి వాలితే అమెరికాకు తెలిసింది. ఇక్కడ మా అత్తయ్య పడితే పక్కింటికి తెలియలేదు" అంది. ఆ రోజు మీటింగులో ఎవరమూ నవ్వలేదు. ఆ రెండు వాయిదాలూ సంఘం పొదుపు నుంచి సర్ది, తర్వాత చిన్న మొత్తాలుగా కట్టుకోమని తీర్మానం రాశాం. ఆ తర్వాత వారం ఒక సభ్యురాలు లేచి, "మనమూ అలాంటి వాచీలు కొందాం, అంతర్గత అప్పు ఇవ్వండి" అని అడిగింది. ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో మేము నేర్చుకున్నదే ఈ రోజు మీకు చెప్పేది.

ముందు ఒక సంగతి. ముసలితనంలో పడటం మామూలే అని మనం అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదాల వల్ల వచ్చే చావుల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. వాటిలో నూటికి ఎనభైకి పైగా మనలాంటి మధ్యతరహా, పేద దేశాల్లోనే. ఎక్కువగా పోయేది అరవై దాటినవాళ్ళు. మన హైవే మీద యాక్సిడెంట్ అయితే పేపర్లో వస్తుంది. బాత్రూంలో మామ్మ పడితే ఏ పేపర్లోనూ రాదు.

రెండో సంగతి. పడటం ఒక దెబ్బ అయితే, పడి అలాగే ఉండిపోవడం ఇంకో దెబ్బ. గంటల తరబడి నేల మీద ఒకే పక్కన ఉంటే ఒత్తిడి పడిన చోట చర్మం దెబ్బతిని పుండ్లు పడతాయి. కండ నలిగి దానిలో పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాల మీద భారం పడుతుంది. నీళ్ళు లేక ఒళ్ళు ఎండిపోతుంది. అందుకే ఎంత త్వరగా ఎవరికో ఒకరికి తెలిస్తే అంత మంచిది. వాచీ చేసే మేలు ఇదే. పడకుండా ఆపడం దాని చేతిలో లేదు. పడ్డారన్న కబురు త్వరగా చేర్చగలదు, అంతే. ఈ తేడా మనం మరిచిపోకూడదు.

అసలు ఆ వాచీకి ఎలా తెలుస్తుంది? మా సభ్యురాలి కూతురు ఇంజనీరింగు చదువుతోంది, ఈసీఈ. ఒక ఆదివారం ఆ అమ్మాయినే మీటింగుకు పిలిచాం. మనం ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా అడ్డంగా తిరుగుతుంది కదా, ఫోనులో దాన్ని కనిపెట్టే చిన్న చిప్పు ఉంటుందని, దాని పేరు యాక్సిలరోమీటర్ అని చెప్పింది. పైకి కిందికి, కుడికి ఎడమకు, ముందుకు వెనక్కు, మూడు దిక్కుల్లో కుదుపును అది కొలుస్తుంది. దానికి తోడు ఒళ్ళు ఎటు తిరిగిందో కొలిచే జైరోస్కోపు అనే ఇంకో చిప్పు. వాచీలో ఉండేవి కూడా ఇవే.

మనం కదలకుండా ఉన్నప్పుడు ఆ చిప్పు భూమి ఆకర్షణ ఒక్కదాన్నే చూపిస్తుంది. మనిషి పడుతున్న ఆ క్షణంలో గీత కిందికి దిగిపోతుంది. జెయింట్ వీల్ పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో తేలిపోయినట్టు ఉంటుంది చూడండి, అదే. తర్వాత నేలను తాకగానే గీత ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ తర్వాత మనిషి కదలకపోతే గీత నిలకడగా ఉండిపోతుంది. తేలిపోవడం, దెబ్బ, నిశ్శబ్దం. ఈ మూడూ వరసగా వస్తే పడ్డారని యంత్రం అనుకుంటుంది.

ఆ అమ్మాయి తన ఫోనులో ఒక యాప్ తెరిచి, ఫోనును గుడ్డ సంచిలో పెట్టి మా నడుముకు కట్టింది. నేల మీద రెండు పరుపులు వేశాం. మాలో ధైర్యం ఉన్న ఇద్దరు నిలబడి పడ్డారు. గీత ఆ అమ్మాయి చెప్పినట్టే దిగి లేచింది. చప్పట్లు కొట్టాం. తర్వాత ఆ అమ్మాయి ఒకామెను గోడకు ఆనుకుని మెల్లగా జారి కూలబడమంది. కళ్ళు తిరిగినప్పుడు పెద్దవాళ్ళు అలాగే కదా పడేది! గీత పెద్దగా కదల్లేదు. ఇంకోసారి ఫోను మణికట్టుకు కట్టి బండ మీద బట్టలు ఉతకమంది. అయ్యబాబోయ్, ఆ గీతలు చూడాలి! పది మంది పడ్డట్టు లేచాయి. ఆ ఆదివారం మాకు సగం అర్థమైంది. నిజంగా పడినదాన్ని యంత్రం వదిలేయొచ్చు, పడనిదాన్ని పడ్డట్టు చెప్పొచ్చు.

కంపెనీల యంత్రాలు మన సంచిలో ఫోను కంటే చాలా తెలివైనవి. ఆపిల్ కంపెనీ 2018లో తన సిరీస్ 4 వాచీలో ఈ సదుపాయం పెట్టింది. గట్టిగా పడితే వాచీ మణికట్టును తట్టి అడుగుతుంది. బాగానే ఉన్నానని నొక్కితే ఊరుకుంటుంది. సుమారు నిమిషం పాటు మనిషి కదలకపోతే గట్టిగా మోగి, అత్యవసర నంబరుకు తనే ఫోను చేసి, మనం రాసిపెట్టిన దగ్గరివాళ్ళకు కబురు పంపుతుంది. పెట్టుకున్నవారి వయసు 55 దాటినట్టు నమోదు చేస్తే ఇది దానంతట అదే ఆన్ అవుతుంది. తర్వాత శాంసంగ్, గూగుల్ వాచీల్లో కూడా వచ్చింది. అన్ని పడటాలనూ మా వాచీ పట్టుకోలేదని ఆపిల్ కంపెనీయే చెప్తోంది.

ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఇలాంటి లెక్కకట్టే పద్ధతులను ఎక్కువగా పరీక్షించింది కుర్రవాళ్ళను పరుపుల మీద పడేసి, అచ్చం మేము చేసినట్టే. యూరప్ పరిశోధకులు 2012లో అలాంటి 13 పద్ధతులను తీసుకుని, నిజంగా మనుషులు పడిన 29 సందర్భాల మీద పెట్టి చూశారు. సగటున నూటికి 57 మాత్రమే పట్టుకున్నాయి. అప్పటికీ ఇప్పటికీ యంత్రాలు మెరుగయ్యాయి, నిజమే. అయినా దుకాణంవాడు నూటికి నూరు అంటే నమ్మకండి.

మెడలో వేసుకునే బటన్ బిళ్ళలు 1970లలోనే అమెరికాలో వచ్చాయి. పడితే నొక్కాలి, అంతే. అది తేలికే అనుకుంటాం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 90 ఏళ్ళు దాటినవాళ్ళను ఏడాది పాటు కనిపెట్టి ఉండి 2008లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. ఒంటరిగా పడి లేవలేకపోయినవాళ్ళలో ఎక్కువమంది అలారం ఉండి కూడా నొక్కలేదు. కొందరికి బిళ్ళ ఒంటి మీద లేదు. కొందరికి ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు. ఇంగ్లండు మామ్మలైనా మన మామ్మలైనా మనసు ఒకటే చూడండి.

మా మామ్మగారి వాచీ సంగతే తీసుకోండి. స్నానానికి వెళ్తూ తీసి మంచం మీద పెడుతుంది, తడుస్తుందని. జారిపడే ప్రమాదం ఉన్న చోటు అదే కదా! రాత్రి చార్జింగుకు పెడుతుంది, రాత్రి లేచి బాత్రూంకి వెళ్ళేటప్పుడు చేతికి ఉండదు. అందుకని వాచీ కొనాలనుకునేవారు ఐదు ప్రశ్నలు అడగండి. ఒకటి, పడితే తెలుసుకునే సదుపాయం నిజంగా ఉందా? బజారులో తక్కువ ధరకు వచ్చే చాలా వాచీలు అడుగులు, గుండె వేగం చూపిస్తాయి, అంతే. రెండు, స్నానంలో పెట్టుకోవచ్చా? మూడు, చార్జింగు ఎన్నాళ్ళు ఉంటుంది, ఎవరు పెడతారు? నాలుగు, దానిలోనే సిమ్ము ఉందా, లేక పక్కన స్మార్ట్‌ఫోను ఉండి తీరాలా? ఐదు, అన్నిటికంటే ముఖ్యం, కబురు ఎవరికి వెళ్తుంది? అమెరికాకు వెళ్తే సరిపోదు. పది నిమిషాల్లో తలుపు తీయగలిగినవారి నంబరు అందులో ఉండాలి.

ఇంకో మాట. వాచీ పెట్టుకునేది పెద్దవాళ్ళు, వాళ్ళను అడిగి పెట్టండి. మనిషి ఎక్కడికి వెళ్తోందో కూడా అది చెప్తుంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పకుండా చేతికి కట్టడం న్యాయం కాదు. అలాగే, వాచీ ఉంది కదా అని చూసుకునే మనిషిని మానిపించిన ఇల్లు కూడా మాకు తెలుసు. వాచీ ఫోను చేస్తుంది. లేపి కూర్చోబెట్టేది, నీళ్ళిచ్చేది చేతులే. ఈ మాట పనికి కుదిరేటప్పుడు మనం గట్టిగా చెప్పుకోవాలి.

ఇక మా సంఘం ఏం తేల్చింది? ఆ వాచీలు ఒక్కొక్కటి వేలల్లో ఉన్నాయి. దాంతోపాటు ఫోను కూడా ఖరీదైనది కావాలి. మా ఇళ్ళల్లో అందరికీ కొనాలంటే అప్పు మీద అప్పు. అందుకని వాచీ చేసే పనులు ఏమిటో కాగితం మీద రాసుకున్నాం. పడినట్టు తెలియాలి, త్వరగా తెలియాలి, దగ్గరివాళ్ళకు తెలియాలి. ఈ మూడు పనులు మన చేతుల్లో ఉన్నవాటితో ఎంతవరకు చేయగలం అని ఆలోచించాం.

మొదటిది, తలుపు తట్టే వంతు. కొండ మీద మా వరసల్లో పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఏడుగురు ఉన్నారు. ఆ రోజు పనికి వెళ్ళని సభ్యురాలు పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి ఆ తలుపులు తట్టి పలకరించాలి. పలికితే చాలు. అందరం పనికి పోయే రోజు అయితే పక్కవరస సంఘానికి చెప్పి పోతాం. దీనివల్ల ఐదు గంటలు కాస్తా మూడు గంటలకు మించకుండా అయింది. నిమిషంలో తెలియడం కాదు, నిజమే. కానీ ఇది చార్జింగు అయిపోదు.

రెండోది, ఫోను గూట్లో ఉండకూడదు. చిన్న బటన్ ఫోను తాడుతో మెడలో వేయించాం. ఒక అంకె నొక్కి పట్టుకుంటే పక్కింటికి, ఇంకో అంకెకు కోడలికి వెళ్ళేలా పెట్టించాం. 2017 నుంచి అమ్మే ఫోన్లకు అత్యవసర బటన్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. బటన్ ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవాలి. మీ ఫోనులో అది ఉందో లేదో, ఆ అంకెలను దేనికీ వాడేశారో లేదో దుకాణంలో అడిగి చూసుకోండి.

మూడోది, అసలు పడకుండా చూడటం. అంతర్గత అప్పు వాచీకి ఇవ్వలేదు గాని, స్నానాల గోడకు స్టీలు రాడ్డు బిగించడానికి, కూర్చుని స్నానం చేయడానికి ప్లాస్టిక్ కుర్చీకి, రాత్రి వెలిగే జీరో బల్బుకు ఇచ్చాం. ఆదివారం తలంటు పోసుకున్నాక నూనె జిడ్డు బండ మీద ఉండకుండా సున్నిపిండితో రుద్ది కడగమన్నాం. అరిగిపోయిన హవాయి చెప్పులు బయట పారేయించాం. మంచం మీద నుంచి లేవగానే నడవకుండా అంచున ఒక నిమిషం కూర్చోమన్నాం. ఒక్కసారిగా లేస్తే కొందరికి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. నిద్ర మాత్రలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు ఇది ఎక్కువ. మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని పోయి డాక్టరుకు చూపించండి, సొంతంగా మానేయకండి. కంటి శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి. రోజూ కుర్చీలో నుంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం చేయిస్తే కాళ్ళకు బలం వస్తుంది. పక్కన ఒకరు నిలబడి చేయించండి.

చేతికర్ర, వాకర్ కావాల్సినవాళ్ళకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని ఒక పథకం పెట్టింది. అది 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. పేద కుటుంబాల్లో 60 దాటినవారికి చేతికర్రలు, వాకర్లు, కళ్ళజోళ్ళు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే పథకం. శిబిరం ఎప్పుడు పెడతారో సచివాలయంలో అడుగుతూ ఉండండి. పెద్దవాళ్ళ కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైను కూడా ఉంది. సలహాకు, పథకాల సంగతికి, ఇంట్లో సరిగా చూడకపోయినా దానికి చెప్పుకోవచ్చు. కానీ పడి దెబ్బ తగిలినప్పుడు చేయాల్సింది 108కే. అది 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైన సేవ అని మరిచిపోవద్దు.

108 వచ్చేలోపు ఏం చేయాలి? మేము చేసింది చేయకండి. లాగి లేపకండి. ముందు పక్కన కూర్చుని మాట్లాడండి. ఎక్కడ నొప్పి అని అడగండి. ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు కనబడితే తుంటి విరిగిందని అనుమానించి అలాగే ఉంచండి. రుద్దకండి, లాగకండి. తల కింద మెత్తగా గుడ్డ పెట్టి, పైన దుప్పటి కప్పండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి కాఫీ, అన్నం పెట్టకండి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారైతే పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఆధార్, ఆరోగ్య కార్డు, మాత్రల చీటీ ఒకే సంచిలో పెట్టి గోడకు తగిలించి ఉంచండి. ఆ సంచి వెతకడానికే మాకు అరగంట పోయింది.

ఇప్పుడు సమాఖ్య ముందు మా సంఘం మూడు విన్నపాలు పెడుతోంది.

ఒకటి. ప్రతి సంఘం మీటింగులో, వాయిదాల లెక్క మొదలయ్యే ముందు, "ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా పడ్డారా?" అని అడగాలి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ. రెండోసారి రాకముందే రాడ్డు పడాలి.

రెండు. పెద్దవాళ్ళున్న ఇళ్ళకు రాడ్డు, కుర్చీ, దీపం కోసం చిన్న అప్పును అన్ని సంఘాలూ ఇవ్వాలి, వాయిదాలు తేలికగా పెట్టాలి.

మూడు. వాచీని మేము వద్దనడం లేదు. ఎవరూ తోడు లేకుండా రాత్రీ పగలూ ఒంటరిగా ఉండే సభ్యులు మన సమాఖ్యలో ఉన్నారు. వాళ్ళకు తలుపు తట్టే వంతు రాత్రిపూట పనికిరాదు. సమాఖ్య నిధి నుంచి రెండు వాచీలు, వాటికి కావాల్సిన ఫోన్లతో సహా కొని, అలాంటి ఇద్దరికి ఇచ్చి ఒక ఏడాది చూద్దాం. ఎన్నిసార్లు నిజంగా మోగింది, ఎన్నిసార్లు ఉత్తినే మోగింది, ఎన్ని రోజులు చేతికి ఉంది, మనమే రాసుకుందాం. వచ్చే ఏడాది ఇదే వేదిక మీద ఆ లెక్క చెప్పుకుందాం.

ఒకటో తారీకున పింఛను నాలుగు వేలు ఇవ్వడానికి ఇంటికి వచ్చి తలుపు తడుతున్నారు. మంచిదే. మిగతా రోజులు తట్టాల్సింది మనమే.

చివరగా ఒక మాట. ఈ ప్రసంగం రాసుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళి చదివి వినిపించాం, మీ సంగతి చెప్పొచ్చా అని అడిగాం. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ రోజు పడటం మొదటిసారి కాదట. అంతకు ముందు రెండు సార్లు పడిందట. ఒకసారి పంపు దగ్గర, ఒకసారి మెట్ల మీద. దెబ్బ తగల్లేదని ఎవరికీ చెప్పలేదు. "ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?" అని అడిగాం. "చెప్తే కోడలు పని మానేస్తుంది గదమ్మా. దాని జీతం ఆగితే మీ వాయిదా ఎట్లా కడతది?" అంది.

ఆమె దాచుకున్న ఆ రెండు పడటాలను ఏ వాచీ మనకు చెప్పేది కాదు. మనం అడిగి ఉంటే ఆమె చెప్పేది. కోడలు పక్కనే ఉంది, ఏమీ అనలేదు, లేచి వెళ్ళి అత్తయ్య వాకర్ కింద రబ్బరు బుడిపెలు అరిగాయేమో చూసింది. అత్తయ్య మాతో, "మీటింగులో ముసలివాళ్ళకు చెప్పండి, పడటం తప్పు కాదని, దాచుకోవద్దని" అంది. ఆమె మాటగా చెప్తున్నాం. ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కసారి అడగండి. వాయిదా మాట తర్వాత.